యజమాని మూర

రామచంద్రపురంలో సత్యవాణి ఇల్లెక్కడని అడిగితే ఎవరూ చెప్పలేరు. గేట్ల సత్యవాణి అనండి, బస్టాండు దగ్గర బజ్జీలు వేసే మనిషి కూడా గరిటె వదలకుండా గడ్డంతోనే దారి చూపిస్తాడు. ఊళ్ళో సగం వాకిళ్ళకి గేట్లు ఆవిడ అతికినవే. నెమళ్ళు, హంసలు, కలువపువ్వులు, పళ్ళ డాక్టరుగారింటికైతే ఆయన అడిగి మరీ చేయించుకున్న పెద్ద దంతం. అలాంటి మనిషికి సముద్రాలు దాటే ఇనప తెరచాప పడవ కట్టమని విదేశం నుంచి పని వచ్చిందంటే ఊరు ముక్కున వేలేసుకుంది. వేసుకుంటే వేసుకుంది. ఊరి ముక్కూ, ఊరి వేలూ.

ఆవిడ పుట్టింది తాళ్ళరేవు అవతల, కోరంగి ఏటి ఒడ్డున ఒక పల్లెలో. తండ్రి భీమరాజు చెక్క పడవల మేస్త్రి. ఆయన చేతి పడవంటే కాకినాడ నుంచి అంతర్వేది దాకా వేటకెళ్ళేవాళ్ళకి గురి. చిన్నప్పుడు సత్యవాణి పొద్దస్తమానం ఆయన పాకలోనే ఉండేది. చెక్కపొట్టులో ఆడుకోవచ్చు, మేకులు అందించొచ్చు, బాడిస మాత్రం ముట్టుకోకూడదు. ఆడపిల్ల బాడిస పడితే చెక్క చీలుతుందని ఆయన నమ్మకం. ఆ మాటకి ఆ పిల్లకి ఆనాడే ఒళ్ళు మండింది. చెక్క చీలుతుందో లేదో ఒక్కసారి చూద్దామని ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు ఒక ముక్క చెక్కింది కూడా. చీలలేదు. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు.

పెళ్ళయి రామచంద్రపురం వచ్చింది. భర్త లోకనాథ్ డిప్లొమా చదివి గ్రిల్స్ షాపు పెట్టుకున్నాడు. లెక్కలూ గీతలూ బాగా వచ్చు, వెల్డింగు రాడ్డు పడితే మాత్రం చెయ్యి వణుకుతుంది. ఒకసారి వెల్డర్ చెప్పాపెట్టకుండా మానేశాడు. కల్యాణమండపం గేటు సగంలో ఉంది. సత్యవాణి చీర కొంగు దోపుకుని, మొహానికి అద్దం అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఆ సాయంత్రానికి కళ్ళల్లో ఇసుక పోసినట్టు మండి, కీరదోస చక్రాలు పెట్టుకుని పడుకుంది. మర్నాడు మళ్ళీ కూర్చుంది. అత్తగారు వచ్చి, మగాళ్ళ పని మనకెందుకమ్మా అంది.

"రాడ్డుకి ఆడా మగా తెలీదండి అత్తయ్యగారూ. చెయ్యి వణికితే మాత్రం తెలుస్తుంది" అంది సత్యవాణి. అక్కడితో అత్తగారూ ఊరుకుంది, లోకనాథ్ కూడా కొత్త వెల్డర్ కోసం వెతకడం మానేశాడు.

గేట్ల నుంచి పంటుల్లోకి ఎలా వెళ్ళిందంటే, గోదావరి మీద మనుషుల్నీ మోటారు సైకిళ్ళనీ దాటించే పంటు ఒకదానికి అడుగున రేకు చిల్లిపడింది. ఆ రేవు వేలంలో పాడుకున్న పాటదారు వచ్చి మాటు వెయ్యమన్నాడు. సత్యవాణి కిందికి దూరి చూసి, మాటు వేస్తే పక్కన మళ్ళీ చిల్లు పడుతుందండి, రేకు మొత్తం మారుద్దాం అంది. పలచని రేకుని ఒక కొస నుంచి ఇంకో కొసకి వరసగా అతుక్కుంటూ పోతే వేడికి అప్పడంలా మెలితిరుగుతుంది. ఇక్కడ కాస్త, అక్కడ కాస్త, మళ్ళీ వెనక్కి వచ్చి కాస్త అతకాలి. గేట్ల నెమలి తోకల మీద ఆవిడకి అబ్బిన విద్య అది. పంటు మళ్ళీ కారలేదు. ఆ తర్వాత రెండు కొత్త పంటులు కూడా కట్టింది. పాత పాకలో పని తగ్గి ఖాళీగా కూర్చున్న తండ్రిని అడిగి, కోరంగి ఒడ్డునే కట్టింది. ఫైబర్ పడవలు వచ్చాక భీమరాజు దగ్గరికి చెక్క పడవ కోసం వచ్చేవాళ్ళు లేరు. ఇనుము మీద ఆయనకి గౌరవం లేకపోయినా, పాకలో మళ్ళీ చప్పుడు వినిపిస్తున్నందుకు లోపల సంతోషమే.

అలాంటి ఒక పంటు మీద కోటిపల్లి రేవు దాటుతూ, పొడుగాటి తెల్లావిడ ఒకావిడ నేల మీద మోకాళ్ళు ఆనించి అతుకుల మీద వేలు పెట్టి రాసి చూసింది. పంటువాడు ఆవిడకేదో పోయిందనుకుని తనూ వెతికాడు. పోయిందేమీ లేదు. ఇది అతికింది ఎవరని అడుగుతోంది.

ఆవిడ పేరు మరైకె. హాలండులో కాలవల లాకుల మీద ఉద్యోగం చేసి రిటైరైంది. మన కాలవల లాకులు చూద్దామని వచ్చింది. లాకులంటే ఇక్కడ అందరికీ తెలిసినవే కనక, పేరు నోరు తిరగనివాళ్ళంతా ఆవిడని లాకులమ్మగారు అని పిలవడం మొదలుపెట్టారు. ఆవిడ జీవితమంతా ఇతరుల పడవలకి తలుపులు తీస్తూ గడిపింది. ఇప్పుడు తన పడవలో తనొక్కత్తే వెళ్ళాలి. ఇనప పడవే కావాలి, తెరచాపతో నడవాలి, అడుగున రెక్కల్లా రెండు కీల్‌లు ఉండి పాటులో నీళ్ళు తీసినా బురద మీద ఒరక్కుండా నిలబడాలి. గీతలు గీయించుకుని కూడా ఉంది. విదేశంలో కట్టిస్తావా అని అక్కడ ఆవిడ స్నేహితులు వారించారట. మనకి విదేశమంటే వాళ్ళది, వాళ్ళకి విదేశమంటే తాళ్ళరేవు. ఇందులో నవ్వొచ్చేది ఎవరికో తేల్చడం కష్టం.

లోకనాథ్ భయపడ్డాడు. "పంటు వేరు సత్యా. ఇది సముద్రం."

"పంటులో కూడా మనుషులే ఎక్కారు కదండీ. మునిగితే గోదావరైనా సముద్రమైనా ఒకటే. మునక్కుండా అతుకుతాను" అంది సత్యవాణి. ఆవిడ పట్టు పట్టిందంటే విడవదని పెళ్ళయిన నెలలోనే తెలుసుకున్నవాడు కనక, లోకనాథ్ కంప్యూటర్ ముందు కూర్చుని గీతలు తెరిచాడు.

రేకులు విశాఖలో మిషన్ మీద కోయించి ఊరిదాకా లారీలో, అక్కడి నుంచి పాకకి ఎడ్లబళ్ళ మీద తెప్పించారు. ఒక్కో రేకు ఎక్కడ కూర్చోవాలో ముందే నిర్ణయమై ఉంటుంది, బట్టలు కుట్టే ముందు కత్తిరించి పెట్టుకున్నట్టే. పాకలో సిమెంటు నేల మీద గీతలు గీసి, పడవ పక్కటెముకలన్నీ నిలబెట్టాలి. తూకంగుండు వేలాడదీసి నిట్టనిలువుగా నిలబెట్టే పని భీమరాజుకి అప్పజెప్పారు. ఆ పని ఆయనకంటే బాగా చేసేవాళ్ళు ఆ ఒడ్డున లేరు. ఇనుము మీది అలక కూడా పోయింది ఆయనకి. తెరచాప పడవ మళ్ళీ కడతానని ఈ జన్మలో అనుకోలేదమ్మా అన్నాడు కూతురితో ఒక పూట. ఆ మాటకి సత్యవాణికి కడుపు నిండిపోయింది.

పని వేసవంతా, వానాకాలమంతా సాగింది. లోకనాథ్ ఫోను పట్టుకుంటే మరైకె హాలండు నుంచి ప్రతి అతుకూ చూసేది. అంతా గీతల ప్రకారం వచ్చింది, పడవ వెనక భాగం దాకా. అక్కడ చివరి రేకులు రెండు పక్కలా పొట్టివైపోయాయి. ఎక్కువ కాదు, ఒక్క వేలి మందం. రెండు పక్కలా సరిగ్గా అంతే. మిషన్ తప్పయితే ఒక పక్కే ఉండాలి. సత్యవాణి నేల మీది గీతల్ని టేపుతో కొలుచుకుంటూ వచ్చింది. అన్ని ఎముకలూ ఉన్నచోటే ఉన్నాయి. చిట్టచివరిది, వెనక గోడ, వేలి మందం వెనక్కి జరిగి ఉంది.

తండ్రి వైపు చూసింది. ఆయన బీడీ ఆర్పాడు.

"నేనే జరిపానమ్మా" అన్నాడు, దాచుకోవలసిన సంగతి కానట్టు. "ఆయం కుదరలేదు."

ఇల్లు కట్టేవాళ్ళు గదులకి ఆయం చూస్తారు. భీమరాజు వంశంలో పడవలకీ చూస్తారు. వాళ్ళ లెక్క చాలా తేలిక. పడవ పొడవుని మూరల్లో కొలిచి, మూరలు పోగా మిగిలిన వేళ్ళు లెక్కపెట్టాలి. ఒకటి మిగిలితే ధ్వజం, రెండు ధూమం, మూడు సింహం, నాలుగు కుక్క, అయిదు వృషభం, ఆరు గాడిద, ఏడు ఏనుగు, ఎనిమిది కాకి. అది దాటితే మళ్ళీ ఒకటి నుంచి. బేసి మంచిది, సరి చెడ్డది. భీమరాజు తన టేకు మూరకర్రతో కొలిస్తే ఈ పడవకి ఆరు వేళ్ళు మిగిలాయి. గాడిద. ఒక్క వేలు పెంచితే ఏడు, ఏనుగు. అందుకని పెంచేశాడు. ఆ సన్న సందు సంగతి నువ్వెలాగూ రాడ్డుతో నింపేస్తావు కదా అన్నాడు.

"అది చుక్కాని ఉండే చోటు నాన్నా! అంత సందు రాడ్డుతో నింపితే ఆ వేడికి వెనక గోడంతా గుంజుకుపోతుంది. పైన పెయింటు వేస్తే కనపడదు. నడిసముద్రంలో కనపడుతుంది."

"నడిసముద్రంలో ఆయం కూడా కనపడుతుంది" అన్నాడు భీమరాజు.

ఆయన ఊరికే అనలేదు. తమ్ముడికి పడవ కట్టినప్పుడు ఎనిమిది వేళ్ళు మిగిలాయి. కాకి. ఒక చెక్క మారుస్తానంటే, వేట రోజులు పోతాయి, తర్వాత చూద్దాంలే అన్నయ్యా అని తమ్ముడు తొందరపడ్డాడు. సరేనన్నాడు. తొంభై ఆరు తుపానప్పుడు వేటకి వెళ్ళిన పడవల్లో అదీ ఉంది, తిరిగి రానివాటిలోనూ ఉంది. ఆ తర్వాత భీమరాజు ఆయం కుదరని పడవని ఏట్లోకి దించలేదు. ఎవరెంత బతిమాలినా దించలేదు.

సత్యవాణికి ఇదంతా తెలుసు. తెలిసే, మర్నాడు గ్రైండర్ తీసుకుని వెనక గోడ కోసి, గీత మీదికి తెచ్చి నిలబెట్టింది. కోస్తున్నంతసేపూ తండ్రి పాక గుంజకి ఆనుకుని చూశాడు. కోయడం అయ్యాక మూరకర్ర చంకలో పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. మళ్ళీ పాకకి రాలేదు. సత్యవాణి మరైకెకి ఆ రోజే ఫోన్‌లో చెప్పించింది, ఇలా తప్పు జరిగింది, కోసి సరిచేశాను, అతుకులు మీరొచ్చి చూసుకోండి అని. పెయింటు వేసేశాక ఎవరికి తెలుస్తుందని లోకనాథ్ గొణిగాడు. నాకు తెలుస్తుందండి అంది సత్యవాణి.

మిగతా రేకులు చక్కగా కూర్చున్నాయి. లోపల చెక్కపని అయింది, బయట రంగు పడింది. అసలు చిక్కు అప్పుడు వచ్చింది. పాక దగ్గరికి క్రేన్ రాదు. కొబ్బరితోటల మధ్య దారి సన్నం, తూము మీది వంతెన ఎడ్లబండికి కట్టింది. పడవ ఏట్లోకి దిగాలంటే పాత పద్ధతిలోనే దిగాలి. కొబ్బరి మొద్దులు పరిచి, మోకులు కట్టి, పోటు వచ్చే వేళకి నలభై మంది లాగాలి. ఏ మొద్దు ఎప్పుడు తీయాలో, ఏ మోకు ఎప్పుడు వదలాలో చెప్పే గొంతు ఒక్కటే ఉండాలి. ఆ ఒడ్డున ఆ గొంతు భీమరాజుది. మిగతా మేస్త్రీల్ని అడిగితే, భీమరాజుగారు వద్దన్న పడవ మీద మేం చెయ్యి వెయ్యమండి అనేశారు. అంత పెద్ద పడవని మోసే నీళ్ళు కార్తీక పున్నమి పోటుకే వస్తాయి. అది దాటితే మళ్ళీ ఏడాది. మరైకె వయసు అరవై ఏడు. ఏడాదంటే నాకు చాలా ఎక్కువ సత్యా అంది ఫోన్‌లో, నవ్వుతూనే.

సత్యవాణికి మూడు కావాలి. పడవ ఈ పోటుకే దిగాలి. గీతల్లో ఉన్న కొలతతోనే దిగాలి. తండ్రి గొంతు మీదే దిగాలి. కొలత ఒక్కటి వదులుకుంటే మిగతా రెండూ తేలికే. ఆవిడ ఒక్కటీ వదులుకోదలుచుకోలేదు.

పున్నమి వారంలోకి వచ్చాక పుట్టింటికి వెళ్ళింది. భీమరాజు అరుగు మీద కూర్చుని వల బాగుచేస్తున్నాడు. ఆయన వల బాగుచేస్తున్నాడంటే ఏం తోచడం లేదని అర్థం.

"ఒకటి అడుగుతాను నాన్నా. కోప్పడకుండా చెప్పు. ఇల్లు కడితే ఆయం ఎవరి మూరతో కొలుస్తారు?"

"ఎవరి మూరేంటే? యజమాని మూరతో."

"మరి పడవకి?"

భీమరాజు చేతిలో దారం ఆగింది. మొదట్లో ఆయన కూడా పడవ యజమాని చెయ్యి మోచేతి నుంచి నడిమివేలి కొసదాకా దారంతో కొలిచి, ఆ దారంతోనే లెక్క చూసేవాడు. పని పెరిగాక, అందరివీ అన్నం తినే చేతులే, అందరిదీ ఒకటే మూర అని, తన చేతి కొలతకి ఒక టేకు కర్ర చేయించుకుని దాంతోనే కానిచ్చేశాడు. అడిగినవాడు లేడు. ఆయన మాట కాదనే ధైర్యం ఎవరికీ లేదు.

"ఆ కర్ర నీ చెయ్యి నాన్నా. ఈ పడవ నీది కాదు కదా" అంది సత్యవాణి. అన్నాక, ఆ మాట అంత కటువుగా ఎందుకన్నానా అనిపించింది.

ఆయనకి కోపం రాలేదు. వల ఒళ్ళో పెట్టుకుని తన చెయ్యి చాపి చూసుకున్నాడు.

"వాడి చెయ్యి నాకంటే పొట్టి" అన్నాడు. ఎవరి చెయ్యో సత్యవాణికి వెంటనే తెలియలేదు. "చిన్నప్పుడు నా చొక్కా తొడుక్కుంటే చేతులు వేళ్ళు దాటి వేలాడేవి. ఎగతాళి చేసేవాణ్ణి. వాడి పడవ కూడా నా కర్రతోనే కొలిచాను."

"నాన్నా..."

"అయితే అది కాకో ఏనుగో నాకు తెలీదన్నమాట. ఇన్నేళ్ళూ తెలుసనుకున్నాను."

సత్యవాణికి దుఃఖం ముంచుకొచ్చింది. ఆవిడ వచ్చింది పడవ కోసం. ఇంత లోతున ఇంత పాత ముల్లు ఉందని తెలిసి రాలేదు. తండ్రి పక్కన అరుగు మీద కూర్చుని వల రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ కాసేపు దాన్నే బాగుచేశారు.

లేచేటప్పుడు ఒప్పందం కుదిరింది. మరైకె వచ్చాక ఆవిడ చేత్తో కొలవాలి. బేసి వస్తే భీమరాజు దగ్గరుండి దించుతాడు.

"సరి వస్తే?"

"సరి వస్తే నేను చెయ్యి వెయ్యను. నీకు తెలుసు."

"ఏది వచ్చినా కొలత మాత్రం మార్చను నాన్నా. నీకూ తెలుసు" అంది సత్యవాణి. ఆ పట్టుదల ఎక్కడి నుంచి వచ్చిందో ఇద్దరికీ బాగానే తెలుసు.

పున్నమి నాడు పొద్దున్నే మరైకె దిగింది. ముందు వెనక గోడ దగ్గరికే వెళ్ళి, కొత్త అతుకుల మీద వేలితో రాసి చూసి, తలాడించి, సత్యవాణిని గట్టిగా కౌగిలించుకుంది. తర్వాత లోకనాథ్ విషయం చెప్పాడు. అతని ఇంగ్లీషులో ఆయం ఏమైందో దేవుడికే తెలియాలి. ఏనుగు, గాడిద, కాకి అని చేతులతో కూడా చూపించాడు. ఆవిడ నవ్వలేదు. మా దగ్గర కూడా పడవలవాళ్ళు శుక్రవారం ప్రయాణం మొదలుపెట్టరు అని, చొక్కా చెయ్యి మడిచి ముందుకి చాపింది.

భీమరాజు ఆ చేతిని మోచేతి నుంచి నడిమివేలి కొసదాకా కొత్త దారంతో కొలిచాడు. తన కర్ర పక్కన పెట్టి చూస్తే బాగా పొడుగు. నిచ్చెన వేసుకుని ఆయనా, సత్యవాణీ, మరైకే పడవ ఎక్కారు. కింద లాగేవాళ్ళు మొద్దుల పక్కన తలలెత్తి నిలబడ్డారు. పడవ ముక్కు నుంచి దారం పరుచుకుంటూ, సుద్దతో గుర్తు పెట్టుకుంటూ భీమరాజు వెనక్కి జరిగాడు. ఒక్కో మూరనీ పైకి లెక్కపెట్టాడు, కింద వాళ్ళందరికీ వినపడేలా. ఇరవై అయిదు మూరలయ్యాక దారం పట్టని కాస్త చోటు మిగిలింది. మరైకెని మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, ఆ చోటులో వేళ్ళు ఒకదాని పక్కన ఒకటి ఆనించి పెట్టమని సైగ చేశాడు.

ఆవిడ పెట్టింది. చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు, చిటికెనవేలు. చిటికెనవేలు సరిగ్గా ఇనప అంచుకి తగిలి ఆగింది.

నాలుగు. కుక్క. సత్యవాణి మోకుల వైపు, పోటెక్కి ఒడ్డు తాకుతున్న నీళ్ళ వైపు చూసింది. ఏడాది అనుకుంది. సరే, ఏడాది ఆగుతాను గాని కోయను అనుకుంది. మరైకెకి ఏమని చెప్పాలో వెతుక్కుంటోంది.

భీమరాజు ఆ నాలుగు వేళ్ళనీ చూస్తూ ఉండిపోయాడు. లాకుల చక్రాలు తిప్పి తిప్పి కణుపులు ఉబ్బిన వేళ్ళవి. తర్వాత వంగి, తన కుడిచేతి చూపుడువేలు ఆవిడ చిటికెనవేలి పక్కన పెట్టాడు. పెట్టడానికి అక్కడ పడవ లేదు. అంచు అయిపోయింది. ఆ వేలు అంచు అవతల గాలిలో ఉంది.

"అయిదూ!" అని కేక వేశాడు కిందికి. "వృషభం! మొద్దులు సర్దండ్రా!"

కింద నుంచి ఒక్క పెట్టున కేకలు లేచాయి. భీమరాజు అప్పటికే నిచ్చెన దిగుతున్నాడు. నేల మీద పాదం పెట్టడంతోనే ఆయన వయసు సగమైంది. ఆ మోకు బిగించు, ఈ మొద్దు తియ్యి, ఆగరా తొందరేంటి, నీ పెళ్ళికి వెళ్తున్నావా, అంటూ ఆ చివర నుంచి ఈ చివరకి తిరుగుతూనే ఉన్నాడు. సత్యవాణి కూడా దిగి మోకు పట్టింది. అరచేతులు మండాయి. పడవ మొదట కదలనని మొరాయించి, తర్వాత మూలిగి, ఒక్క మొద్దు దాటింది. దాటాక ఇంక ఆగలేదు, జారుకుంటూ ఏట్లోకి దిగింది. గోరు మందం తేడా లేకుండా రంగు గీత దగ్గరే నీళ్ళు నిలిచాయి. ఎటూ ఒరగలేదు. పడవ మీద నిలబడ్డ మరైకె రెండు చేతులతో మొహం కప్పుకుంది. లోకనాథ్ ఫోను తీయడం మర్చిపోయి ఏడుస్తున్నాడు.

జనం కొబ్బరికాయల దగ్గరికి పరిగెత్తారు. మోకాలి లోతు నీళ్ళలో తండ్రీ కూతురూ మిగిలారు.

"నాన్నా" అంది సత్యవాణి, మెల్లిగా. "నాలుగేగా?"

భీమరాజు తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. పడవ వైపు చూశాడు గానీ కూతురి వైపు చూడలేదు.

"నాలుగు ఆవిడవి" అన్నాడు. "ఒకటి నాది. సముద్రం మీద ఒక్కత్తే వెళ్తోంది కదే, కూడా మన వేలొకటి ఉండొద్దేంటి?"